గంటకో రుచి

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మీ ఫీడ్‌లో కూడా అవే రీల్స్ తిరుగుతుంటాయి కదా! నాసిక్ ద్రాక్షతోట, చేతిలో పొడుగు కాడ గ్లాసు, వెనకాల సూర్యాస్తమయం. మంచిదే. పండే చోటికే వెళ్లి, అక్కడి తిండితో కలిపి, తొందర లేకుండా ఒక్కో గుక్కా రుచి చూడటం కన్నా హాయైన ఆదివారం ఏముంటుంది? నేను చెప్పేదల్లా ఒకటే. హైదరాబాద్ నుంచి నాసిక్ ఒక రాత్రి రైలు ప్రయాణం. తాటివనం గంటన్నర. ద్రాక్ష లేదు గానీ, రుచి చూడటానికి అక్కడా ఒక రోజంతా పడుతుంది.

మా గ్యాంగ్‌లో ఒకడు నాసిక్ వెళ్లొచ్చాడు. అప్పట్నుంచి వాడు ఏదీ ఊరికే తాగడు. ముందు రంగు చూస్తాడు, తర్వాత వాసన, తర్వాత చిన్న గుక్క, దాన్ని నోట్లో తిప్పడం. అప్పుడు నాలుకకి ఏమేం తగిలాయో చెప్పాలి. వాటిని 'నోట్స్' అంటారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాడితో కలిపి నలుగురం విజయవాడ హైవే ఎక్కాం. నలుగురిలో ఒకడు అసలు ముట్టడు, స్టీరింగ్ వాడిదే. చౌటుప్పల్ దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్తే మా ఆఫీసు ఫ్రెండ్ సొంతూరు. అతనే ముందురోజు ఊళ్లో గీత అన్నకి చెప్పి ఉంచాడు.

ఫిబ్రవరే ఎందుకంటే, అప్పుడు ఈత కల్లు ఇంకా పూర్తిగా పోదు, తాటి కల్లు అప్పుడప్పుడే ఊపందుకుంటుంది. ఒకే పూట రెండూ దొరుకుతాయి.

పొద్దున ఆరున్నర

మేం వెళ్లేసరికి గీత అన్న అప్పటికే మూడో చెట్టు మీద ఉన్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది. నడుమునీ చెట్టునీ చుట్టి మోకు, పాదాలకి గుజి, వెనక కత్తులూ లొట్టీ. మోకుని ఒక మూర పైకి విసిరి, కాళ్లు మడిచి ఎగబాకి, మళ్లీ మోకు విసరడం. అరవై అడుగుల తాడు. కింద నిలబడి మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం. పైన ఆయన చేసేది చాలా చిన్న పని. కట్టి ఉంచిన పూగెల కొసని కత్తితో కాగితమంత పల్చగా చెక్కుతాడు. చెక్కిన చోట నీరు ఊరి, చుక్క చుక్కగా లొట్టిలో పడుతుంది. రేపు మళ్లీ చెక్కకపోతే ఆ గాయం ఎండిపోతుంది, ధార ఆగిపోతుంది. పండగైనా ఎక్కాలి, ఒళ్లు వెచ్చబడినా ఎక్కాలి.

దిగాక సున్నం పూసిన వేరే లొట్టి తీశాడు. "ముందుగాల ఇది తాగుండ్రి."

అది నీరా. సున్నం ఉంటే పులియడం ఆగుతుంది కాబట్టి దీంట్లో మత్తు ఉండదు, మా డ్రైవర్ కూడా తాగాడు. నెక్లెస్ రోడ్డు మీద 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మేదీ ఇదే, అక్కడ చల్లగా ఉంచి పులియకుండా ఆపుతారు. చెట్టు కింద తాగితే మాత్రం చలికాలపు పొద్దు చల్లదనం తప్ప ఫ్రిజ్ ఏమీ లేదు. తాటాకు మడిచి రేక చేసి ఇచ్చాడు. నాసిక్ గాడు రేకలోకి తొంగిచూసి మొదలుపెట్టాడు.

"రంగు?"

"కొబ్బరినీళ్లు."

"వాసన?"

"తాటాకు."

"నోట్స్?"

గీత అన్న పడీ పడీ నవ్వాడు. "చదువుకున్నోళ్లు తాగుడుకు గూడ నోట్సు రాస్తరా?"

తొమ్మిదిన్నర

ఈత చెట్టు తాటి చెట్టంత ఎత్తు ఉండదు. దీనికి పూగెలని కాదు, మొవ్వు కింద మానునే ఒక పక్క చెక్కుతారు. ఒక ఏడు ఇటు పక్క, మరుసటి ఏడు అటు పక్క. అందుకే పాత ఈత చెట్టు మాను మెట్లు మెట్లుగా, వంకర టింకరగా ఉంటుంది. ఆ మెట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది. మేం లెక్కపెట్టిన చెట్టుకి పద్నాలుగు ఉన్నాయి.

రెండు కల్లులూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఈత కల్లు పల్చగా, నాలుక మీద తియ్యగా జారింది. తాటి కల్లు కాస్త చిక్కన, చివర్లో చిన్న వగరు, ముక్కుకి తగిలే ఘాటు. నాసిక్ గాడు "ఫ్రెష్ ఈస్ట్" అన్నాడు. నేను "దోసెల పిండి" అన్నాను. ఇద్దరం ఒకటే చెప్తున్నాం అని తర్వాత అర్థమైంది. రెండూ పులిసిన వాసనలే.

కల్లు ఎవరూ తయారు చెయ్యరు. చెట్టు నీటిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గాల్లో ఉన్న ఈస్ట్, లొట్టి మట్టిలో ఇంకి ఉన్న పాత ఈస్ట్ దాన్ని పట్టుకుంటాయి. లొట్టి ఇంకా చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం దాకా ఆల్కహాల్, దాదాపు ఒక బీరంత. వెనకే పుల్లబరిచే బ్యాక్టీరియా వస్తుంది. అది ఎవరు చెప్పినా ఆగదు. ద్రాక్ష వైన్‌ని తయారుచేసేవాళ్లు తమకి కావాల్సిన దగ్గర ఆపి, సీసాలో పెట్టి, బిరడా బిగించి ఏళ్లు దాచగలరు. వైన్ వయసు ఏళ్లలో చెప్తారు. కల్లు వయసు గంటల్లో చెప్పాలి.

మధ్యాహ్నం ఒంటిగంట

టేస్టింగ్‌లో తిండిది సగం వాటా. చెట్ల కిందే బొంత పరిచాం. గీత అన్న ఇంటావిడ, మేం వదినా అని పిలిచాం, టిఫిన్ల గిన్నెలు మోసుకొచ్చింది. వెల్లిపాయ కారం పట్టించిన బొబ్బర గుడాలు, జొన్న రొట్టెలు, చెరువు చేపల వేపుడు, నాటుకోడి కూర, అన్నంలోకి పచ్చిపులుసు. ఉల్లిగడ్డ కోయలేదు, గుప్పిట్లో పగలగొట్టింది.

ఏది దేనితో బాగుంటుందో ఆవిడే చెప్పింది. కోడికూర కారానికి తియ్యటి ఈత కల్లు, ఎందుకంటే మంట దిగుతుంది. చేపల వేపుడుకి కాస్త పులుపెక్కిన తాటి కల్లు, ఎందుకంటే నూనె జిడ్డు తెగుతుంది. పెద్ద హోటళ్లలో దీన్ని 'పెయిరింగ్' అని మెనూలో వేస్తారు. ఆవిడ గిన్నె మూత తీస్తూ చెప్పింది. చివర్లో ఉడకబెట్టిన గేగులు వచ్చాయి, కోస్తా వాళ్లు తేగలు అంటారు కదా, అవే. నేలలో పాతిన తాటి టెంకల మొలకలు. అంటే తాగేదీ, తాగే పాత్రా, చివర్లో నమిలేదీ అన్నీ ఆ చెట్టువే.

మూడున్నర

పొద్దున దించిన లొట్టి నుంచే మళ్లీ ఒక రేక పోశాడు. తొమ్మిదిన్నరకి తాగిన కల్లే. నురుగు పెరిగింది, తీపి దాదాపు పోయింది, పులుపు దవడలు లాగింది. మాలో ఒకడికి ఇదే నచ్చింది. నాకు నచ్చలేదు. రేపటికి ఇది తాగేలా ఉండదనీ, అలాగే వదిలేస్తే వెనిగర్ అవుతుందనీ చెప్పాడు.

అప్పుడు నేను అడిగాను. "మరి సిటీలో కాంపౌండ్‌లో పొద్దున వెళ్లినా, రాత్రి వెళ్లినా ఒకటే రుచి ఉంటుంది కదా అన్నా?"

ఆయన రేక పక్కన పెట్టాడు. "పొద్దుగాల దించిన కల్లు మాపటికి గూడ గదే తీరుగ ఉన్నదంటే, అది చెట్టు కల్లు కాదు తమ్మీ."

ఆ రోజు మొత్తంలో రాసుకోదగ్గ నోట్ ఇదొక్కటే అనిపించింది. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి, 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. నగరం తాగేంత కల్లు ఇవ్వడానికి నగరంలో చెట్లు ఎక్కడున్నాయి? ఆ తేడాని కొందరు మందుబిళ్లలతో పూడుస్తారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలామ్. నీళ్లలో కాస్త తీపి, కాస్త తెలుపు, పైన మత్తుమందు. ఇవి అలవాటైన శరీరం అవి హఠాత్తుగా ఆగినా తట్టుకోలేదు. 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, మతి తప్పినట్టు మాట్లాడుతూ ఆస్పత్రులకి చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రోజు కూలీలు. వాళ్లు తాగింది కల్లే అనుకున్నారు, ఎందుకంటే అసలు కల్లు గంటగంటకీ ఎలా మారుతుందో చూసే వీలు వాళ్లకి లేదు.

అందుకే ఈ ట్రిప్‌ని ఒక పూటలో ముగించొద్దంటున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే చెట్టు కల్లుని మూడుసార్లు రుచి చూసిన నాలుక తర్వాత అంత సులువుగా మోసపోదు.

ఎక్కే మనిషి

గీత అన్నకి పదిహేను చెట్లు. రోజుకి రెండుసార్లు. మా డ్రైవర్ ఫోన్ తీసి లెక్క వేశాడు. ఒక్కోటి అరవై అడుగులనుకున్నా రోజుకి 1800 అడుగుల ఎక్కుడు. ఓ పది చార్మినార్లు. దిగడం లెక్కలోకి తీసుకోలేదు. ఆయన దోస్తు ఒకాయన మోకు జారి పడి, మూడేళ్లుగా మంచంలో ఉన్నాడు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం గౌడుల దైవం కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. "మంచిదే, జారినా పట్టుకుంటది" అన్నాడు. ఎక్కడం ఇంకొంచెం ఆలస్యమవుతుందని కూడా అన్నాడు.

కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. చెట్టు ఎక్కడం రాదు. "నేనే నేర్పలె" అన్నాడు. ఆ మాటలో బాధ ఉందా, నిశ్చింత ఉందా అని అడగబుద్ధి కాలేదు, రెండూ వినపడ్డాయి. తాటి చెట్టు గీతకి రావాలంటే పదిహేనేళ్ల పైనే పడుతుంది. పూత వచ్చేదాకా పోతుతాడో, పండుతాడో కూడా తెలియదు. చెట్టు నాటినవాడు ఒకడు, గీసేవాడు ఇంకొకడు. ఇప్పుడు ఆ వనంలో ఎవరూ గీయని చెట్లు చాలా ఉన్నాయి, వాటికింద మనుషులు తిరిగిన దారి కూడా గడ్డి పట్టేసింది.

మీరు వెళ్తే

తెలిసినవాళ్ల ద్వారా, చెట్టు గీసే మనిషి దగ్గరికే వెళ్లండి. రోడ్డు పక్క సీసాలు వద్దు. తెల్లారేసరికి అక్కడ ఉండండి, లొట్టి దించడం కళ్లారా చూడండి. ఖాళీ కడుపుతో తాగొద్దు, గుక్క గుక్కకీ మధ్య నీళ్లు తాగండి. ఇరవై ఒకటి నిండనివాళ్లకి, డ్రైవ్ చేసేవాళ్లకి నీరా ఉంది, ఏమీ మిస్సవరు. ప్లాస్టిక్ గ్లాసులు తీసుకెళ్లొద్దు, రేకలో తాగితేనే ఆ వాసన. బేరం అసలు ఆడొద్దు, పది చార్మినార్లు గుర్తు తెచ్చుకోండి. వనంలో డ్రోన్ ఎగరేసే ముందు పైన ఎవరైనా ఉన్నారేమో చూడండి, ఉంటే అస్సలు ఎగరేయొద్దు.

వచ్చేటప్పుడు మళ్లీ వేసవిలో, ముంజల కాలంలో రమ్మన్నాడు. ఈసారి పదిమందిమి వస్తామని నాసిక్ గాడు హుషారుగా ప్రకటించాడు. గీత అన్న ఫోన్ నంబర్ ఇచ్చి, ముందురోజే చెప్పమన్నాడు.

"ఎంతమంది వస్తున్నరో సక్కగ చెప్పు తమ్మీ. అన్ని చెట్లు ఎక్కాలె గద నేను."