పశువుల శాలకు కరెంటుంది.. ఎర్తింగ్ ఏదీ?

శ్రీకాకుళం, విజయనగరం: ఇంటికి ఎర్తింగ్ ఉంది కదా అన్న ధీమాతో పెరట్లోని పశువుల శాలను, కళ్లం దగ్గరి పాకను, మోటారు షెడ్డును పట్టించుకోకపోవడం రెండు జిల్లాల పల్లెల్లో పరిపాటిగా మారింది. ఇంటి బోర్డు నుంచి రెండు తీగలు లాగి శాలలో బల్బు వెలిగిస్తున్నారు. మూడోదైన ఎర్తు తీగ అక్కడిదాకా వెళ్లడం లేదు. వానాకాలంలో ప్రాణాల మీదకు తెచ్చేది ఈ లోపమే.

దేశంలో 2018 నుంచి 2021 వరకు ఏటా 12 వేల మందికి పైగా విద్యుదాఘాతంతో మరణించారని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు చెబుతున్నాయి. మూగజీవాల లెక్క ఇందులో లేదు.

ముప్పు ఇలా..

శాలలో ఇనుప స్తంభాలు, రేకులు, గడ్డి కోసే యంత్రం ఉంటాయి. నేల నిత్యం తడిగా ఉంటుంది. వైరు తొడుగు చిట్లి ఫేజు తీగ స్తంభాన్ని తాకితే షెడ్డంతటా విద్యుత్తు ప్రవహిస్తుంది. పశువు ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు నడుమ దూరం ఎక్కువ కావడంతో కరెంటు దాని గుండె మీదుగా సాగుతుంది. పలుపుతో కట్టి ఉన్నందున తప్పించుకునే వీలుండదు. దానిని విడిపించబోయిన రైతూ అపాయంలో పడతాడు.

కడ్డీ ఒక్కటే చాలదు

శాల పక్కన ఒక కడ్డీ పాతితే సరిపోతుందన్న అపోహ బలంగా ఉంది. లెక్క చూస్తే అసలు విషయం బోధపడుతుంది. కడ్డీ నిరోధం 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఎర్తు నిరోధం 5 ఓములు అనుకుందాం. 230 వోల్టుల వద్ద ప్రవహించేది సుమారు 9 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడిపోదు. స్తంభంపై 184 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే రెప్పపాటులో సరఫరాను ఆపేస్తుంది.

కొన్నిచోట్ల తీగ ఖర్చు కలిసివస్తుందని ఒక్క ఫేజు తీగనే లాగి, కడ్డీనే న్యూట్రల్‌గా వాడుతుంటారు. ఇది మరింత ప్రమాదకరం. కడ్డీకి కట్టిన తీగ ఊడినప్పుడు దానిని తాకినవారికి బల్బు మీదుగా వచ్చే కరెంటు తగులుతుంది.

నేల తీరూ కారణమే

భావనపాడు, కళింగపట్నం, భోగాపురం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇనుప తీగలు, బిగింపులు త్వరగా తుప్పు పడతాయి. మెట్ట ప్రాంతాల్లో రాతినేల వేసవిలో ఎండిపోవడంతో ఎర్తు నిరోధం పెరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో స్తంభాలను వేల సంఖ్యలో కూల్చింది. అటువంటి విపత్తుల తర్వాత దీపం వెలిగితే చాలనుకోక ఎర్తు తీగనూ పరీక్షించుకోవాలి.

నిబంధనలో వెసులుబాటు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు లీకేజీ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేశాయి. అయితే 250 వోల్టుల లోపు, 2 కిలోవాట్లకు తక్కువైన సర్వీసులకు మినహాయింపు ఇచ్చాయి. పల్లెల్లోని చిన్న ఇళ్లు అధికశాతం ఈ కోవలోనివే. మీటరు దాటాక వైరింగు వినియోగదారుడి బాధ్యత. అంటే రక్షణ అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడ చట్టం బలవంతం చేయదు, అడిగేవారూ ఉండరు.

చేయాల్సింది..

ఇంటి నుంచి శాలకు ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్తు తీగనూ లాగాలి. శాల వద్ద రెండున్నర మీటర్ల జీఐ పైపుతో ఎర్తు ఏర్పాటు చేసి, స్తంభాలను, యంత్రాలను దానికి కలపాలి. శాలలో న్యూట్రల్‌ను, ఎర్తును ఒకటిగా కట్టరాదు. సరఫరా మొదట్లోనే ఆర్‌సీసీబీ బిగించి, నెలకోసారి దాని పరీక్ష మీట నొక్కి చూడాలి. మీటరుకు ఇవతల స్తంభం, సర్వీసు వైరు లోపాలను 1912 నంబరుకు తెలపవచ్చు.

ఆర్‌సీసీబీ ధర రెండు వేల రూపాయలకు అటూఇటూ ఉంటుంది. పాడిగేదె విలువ ముందు ఇది స్వల్పం. ఉపాధి హామీ నిధులతో గోకులం షెడ్లు నిర్మిస్తున్న అధికారులు ఎర్తింగ్, ఆర్‌సీసీబీ ఖర్చును అంచనాల్లోనే చేర్చితే, చట్టం వదిలేసిన ఖాళీ కొంతైనా పూడుతుంది.