మడ నిలవాలి, మత్స్యకారుడూ నిలవాలి

ఏప్రిల్ సగం దాటేసరికి బాటసింగారం పండ్ల మార్కెట్ మామిడి లారీలతో నిండిపోతుంది. తెల్లవారుజామునే వేలం మొదలవుతుంది. ఏడాదంతా పెట్టిన పెట్టుబడికి నాలుగు రూపాయలు చూసుకునే రోజులివి. సరిగ్గా ఇవే రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తూర్పు తీరమంతా మర పడవలు ఒడ్డున కట్టేసి ఉంటాయి. మనకు రాబడి వచ్చే ఈ 61 రోజులు తీరంలో ఎన్నో ఇళ్లల్లో పొయ్యిలో పిల్లి లేవని రోజులు.

రైతుల పత్రికలో చేపల సంగతి ఎందుకని మన సభ్యులు కొందరు అడగవచ్చు. మన పండ్లు వచ్చే ఈ విజయవాడ రోడ్డు మీదే తీరం నుంచి ఐసు పెట్టెల్లో చేపలూ రొయ్యలూ హైదరాబాద్ వస్తాయి. అది చిన్న సంబంధం. పెద్ద సంబంధం వేరే ఉంది. గడ్డిఅన్నారం నుంచి కోహెడకు, 2020 వేసవిలో అక్కడ గాలివానకు షెడ్లు కూలాక చివరికి బాటసింగారానికి మన మార్కెట్ ఎలా మారిందో మనకు తెలుసు. తరలించడం తప్పా ఒప్పా అన్నది అలా ఉంచుదాం. సరుకు తెచ్చేవాడిని ముందుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే సగం గొడవ ఉండేది కాదన్నదే మనలో చాలామంది మాట. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో మత్స్యకారులు అంటున్నదీ ఇదే. అందుకే వాళ్ల సంగతి మన పత్రికలో రాస్తున్నాం.

కోరింగ అంటే ఏమిటి

గోదావరి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీరు మంచినీరు కలగలిసే బురద నేలల్లో పెరిగేది మడ అడవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల లాంటి చెట్లుంటాయి. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. నీటి పిల్లులు, చేపలు పట్టే బావురు పిల్లి ఇక్కడ ఉంటాయి. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ కాకినాడ తీరానికి అడ్డుగోడలా నిలిచి ఉంది. ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

రైతుకు నారుమడి ఎలాంటిదో మత్స్యకారుడికి మడ అడవి అలాంటిది. రొయ్య పిల్ల, పండుగప్ప పిల్ల, మండపీత ఆ వేళ్ల సందుల్లో పెరిగి పెద్దవై బయటికి వస్తాయి. నారుమడి పాడైతే నాటు లేదు. మడ పోతే వేట లేదు. కాబట్టి మడను కాపాడాలన్నదాంట్లో మత్స్యకారుడికీ ప్రభుత్వానికీ తగాదా ఉండాల్సిన పని లేదు. తగాదా ఉందంటే కాపాడే పద్ధతిలోనే ఏదో లోపం ఉంది.

చట్టంలో ఉన్నదే అమలు చేయమంటున్నాం

అభయారణ్యం అనగానే జనం బయటికి పోవాలన్న అభిప్రాయం అధికారుల్లో బలంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలా చెప్పడం లేదు. సముద్ర జలాల్లో అభయారణ్యం హద్దులు నిర్ణయించేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలు కాపాడే చర్యలు తీసుకున్నాకే నిర్ణయించాలని 26-ఎ సెక్షన్ చెబుతోంది. పడవల మామూలు రాకపోకలకు అడ్డు ఉండకూడదనీ అదే సెక్షన్ చెబుతోంది.

2006 అటవీ హక్కుల చట్టం గురించి మనకు చెప్పనక్కరలేదు. పోడు పట్టాల కోసం ఎన్నేళ్లు తిరిగామో మనకే తెలుసు. 2023 జూన్‌లో తెలంగాణలో 4 లక్షల ఎకరాల పైచిలుకు పోడు భూమికి పట్టాలిచ్చారు. అయితే అదే చట్టం మూడో సెక్షన్‌లో నీటి వనరుల్లో చేపలు పట్టుకునే ఉమ్మడి హక్కు కూడా ఉంది. అభయారణ్యాల్లోనూ అది వర్తిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉంటూ ఆ అడవి మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపాలి. మడ పాయల్లో తాతల కాలం నుంచి వల వేస్తున్న ఊళ్లకు ఇది అందని హక్కేమీ కాదు. భూమి పట్టా కోసం పోరాడినంత గట్టిగా ఈ నీటి హక్కు కోసం ఎవరూ పోరాడలేదు. రైతు సంఘాలుగా మనమూ దాన్ని పట్టించుకోలేదని ఒప్పుకోవాలి.

మడను కొట్టిందెవరు

వంట చెరకు కోసం రెండు కొమ్మలు కొట్టిన మనిషి మీద కేసు పెట్టడం తేలిక. కానీ తీరంలో మడ నేల ఎక్కువగా పోయింది దేనికి? 1990ల మొదట్లో టైగర్ రొయ్య మోజులో చెరువులు తవ్వినప్పుడు పోయింది. ఆ రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. రేవులు, పరిశ్రమలు పెరిగేకొద్దీ ఇంకొంత పోయింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేల చదును చేయడం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఇల్లు లేని పేదవాడిని, వల మీద బతికే పేదవాడిని ఎదురెదురుగా నిలబెట్టిన పని అది.

సముద్రం సంగతీ అంతే. చమురు, గ్యాస్ గొట్టాల కోసం వేట ఆపుకోవాల్సి వచ్చిన కోనసీమ, కాకినాడ ప్రాంత మత్స్యకారులు ఏళ్ల తరబడి పరిహారం అడుగుతూ వచ్చారు. 2022 మేలో మురమళ్లలో ఓఎన్‌జీసీ పైపులైన్ బాధితులు 23,458 మందికి నెలకు రూ.11,500 చొప్పున నాలుగు నెలలకు, మొత్తం సుమారు రూ.108 కోట్లు అందించారు. సముద్రంలో వేటకూ ఒక విలువ ఉందని, దాన్ని ఆపితే లెక్కగట్టి ఇవ్వాల్సిందేనని దాంతో రుజువైంది. గ్యాస్ కోసం ఆపితే పరిహారం ఉన్నప్పుడు తాబేలు కోసం ఆపితే ఎందుకు ఉండకూడదు?

తాబేలు, ట్రాలరు, అమెరికా

తాబేలు నీటిలో ఉన్నా గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక చచ్చిపోతుంది. 2025 జనవరిలో కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. దీనికి మార్గం లేకపోలేదు. వల లోపల ఒక కమ్మీల చట్రం, పైన ఒక ద్వారం పెడితే తాబేలు బయటికి పోతుంది, రొయ్య సంచిలోకి పోతుంది. దీన్నే టెడ్ అంటారు. పట్టిన సరుకు కొంత జారిపోతుందని బోటు యజమానుల అభ్యంతరం. ఆ నష్టం తగ్గేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గ టెడ్ తయారుచేసింది.

పెట్టకపోవడం వల్ల జరిగిందేమిటి? 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల కొనుగోలు ఆపేసింది. మిర్చిలో మందు అవశేషాలున్నాయని ఎగుమతి ఆగితే ధర ఎవరి నెత్తిన పడిపోతుందో మనకు తెలుసు. ఇక్కడా అంతే. తప్పు చేసింది పెద్ద వల అయినా దెబ్బ చిన్న పడవ దాకా వచ్చింది.

మర బోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదని ఆంధ్రప్రదేశ్‌లో నిబంధన ఉంది. అది గట్టిగా అమలైతే తాబేలూ బతుకుతుంది, తెప్ప మీద బతికేవాడూ బతుకుతాడు. రెండింటికీ మందు ఒకటే. ఆ మందు వేయడానికి మాత్రం చేతులు రావడం లేదు.

ఊరు కాపలా కాస్తే

పక్కనే ఒడిశాలో గంజాం జిల్లా రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊళ్లున్నాయి. అది అభయారణ్యం కాదు. అయినా 2025 ఫిబ్రవరిలో అక్కడ సుమారు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. గూళ్లను కుక్కల నుంచి కాపాడేది, పిల్లలను సముద్రం వైపు మళ్లించేది ఎక్కువగా ఆ ఊళ్ల కుర్రాళ్లే. అటవీ శాఖ వాళ్లతో కలిసి పనిచేస్తుంది. అయితే నవంబర్ నుంచి మే వరకు ఆ ముఖద్వారం దగ్గర వేట నిషేధం కూడా ఆ ఊళ్ల మీదే పడుతుంది. కాపలా వాళ్లదే, కడుపు కట్టుకునేదీ వాళ్లే.

పులికాట్ సరస్సులో ‘పాడు’ అనే పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో ఊరే వంతులు నిర్ణయిస్తుంది. మన చెరువుల కింద నీరటికాడు తడి వంతులు పెట్టినట్టే. అందులోనూ లోపాలున్నాయి. వంతులో పేరు లేనివాడికి చోటు దొరకదు. కానీ సరిహద్దు, సమయం, మనిషి అన్నీ తేల్చే కట్టుబాటు ప్రభుత్వం రాకముందే ఉందన్నది వాస్తవం.

కోరింగలోనూ ఇలాంటి పని జరిగింది. 1990ల చివర స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరి కమిటీలు కలిసి పాడైన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోటు నీరు లోపలికి రప్పించాయి. మొక్కలు నాటాయి. మడ మళ్లీ లేచింది. ఆ తర్వాత యూఎన్‌డీపీ సాయంతో ఈగ్రీ ప్రాజెక్టు వచ్చింది. అటవీ, మత్స్య శాఖలనూ రేవునూ పరిశ్రమలనూ ఒకచోట కూర్చోబెట్టాలన్నది దాని ఆలోచన. ఆలోచన మంచిదే. మన దగ్గర ప్రాజెక్టులకు ఒక జబ్బు ఉంది. డబ్బు ఉన్నన్నాళ్లు కమిటీ ఉంటుంది, డబ్బు అయిపోగానే బోర్డు మిగులుతుంది. ఊరి కమిటీకి చట్టబద్ధమైన అధికారం ఉంటేనే అది ప్రాజెక్టు పోయినా నిలుస్తుంది.

మన వైపు కూడా చూసుకుందాం

ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పుకోవాలి. గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయని మన సభల్లో మనమే ఎన్నోసార్లు అన్నాం. రెండు రాష్ట్రాల నాయకులూ అంటూనే ఉన్నారు. కానీ సముద్రంలో కలిసే నీరంతా వృథా కాదు. ఆ మంచినీరు, ఆ ఒండ్రు అందకపోతే మడ బతకదు, తీరం కోసుకుపోతుంది, ఉప్పు డెల్టా పొలాల్లోకి ఎక్కుతుంది. అంటే దెబ్బ మత్స్యకారుడితో ఆగదు, కోనసీమ రైతు దాకా వస్తుంది. మన సాగునీటి వాటా కోసం తప్పకుండా కొట్లాడదాం. ముఖద్వారానికి ఏటా ఎంత నీరు వదలాలో ఆ లెక్కలో రాయమనీ అడుగుదాం. మన పొలాల్లో అవసరానికి మించి చల్లిన యూరియా, మందులు వాగుల వెంట చివరికి చేరేదీ అక్కడికేనని మరవద్దు.

మా డిమాండ్లు

ఒకటి. కోరింగ చుట్టుపక్కల ఊళ్లలో గ్రామసభలు పెట్టి, అటవీ హక్కుల చట్టం కింద చేపల వేటకు ఉమ్మడి హక్కు పత్రాలు ఇవ్వాలి.

రెండు. ఏ పాయలో ఎప్పుడు వేట ఉండాలి, ఎక్కడ అసలు ఉండకూడదు అన్నది అటవీ శాఖ, మత్స్య శాఖ, ఊరి ప్రతినిధులు కలిసి నిర్ణయించాలి. ఆ కమిటీలో సగం చోటు మత్స్యకారులకు, అందులో మహిళలకు తప్పనిసరిగా ఉండాలి.

మూడు. వేట నిషేధ కాలపు భృతి పెరగాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచి 1,29,178 కుటుంబాలకు ఇచ్చింది. దాన్ని స్వాగతిస్తున్నాం. కానీ 61 రోజులకు పంచితే కుటుంబానికి రోజుకు రూ.328 పడుతుంది. పైగా ఈ లెక్క పడవ ఎక్కేవాళ్లది. చేపలు ఎండబెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడమనిషికి కూడా ఆ రెండు నెలలు సరుకు ఉండదు. ఆమెనూ లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగు. ట్రాలర్లకు టెడ్ తప్పనిసరి చేసి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. 8 కిలోమీటర్ల హద్దు దాటి లోపలికి వచ్చే బోట్ల మీద చర్య తీసుకోవాలి.

ఐదు. వంట చెరకు ఏరుకున్న మనిషికీ వందల ఎకరాల మడ చదును చేసినవారికీ చట్టం ఒకేలా పనిచేయాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడినవేనని అంటారు. మడ పోయాక తుపానుకు గోడ కట్టడానికి ఎంతవుతుందో కూడా ఆ లెక్కలోనే వేయాలి.

వచ్చే ఏప్రిల్ 15న మన లారీలు బాటసింగారం గేటు ముందు వరుస కట్టినప్పుడు, తీరంలో ఒడ్డుకు లాగిన పడవలను ఒకసారి తలుచుకుందాం. పంట చేతికొచ్చే రోజు కోసం రైతు ఎదురుచూసినట్టే, చేప గుడ్డు పెట్టి పిల్ల పెరిగే రోజు కోసం మత్స్యకారుడు ఎదురుచూస్తాడు. ఎదురుచూడమని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో అతని ఇంటి సంగతి కూడా చూడాలి. జిల్లా కమిటీలు ఈ డిమాండ్ల మీద తమ సమావేశాల్లో చర్చించి తీర్మానాలు పంపాలని కోరుతున్నాం.