మోటారు కొనకముందు నీటిని చూడుడు



మన కడప జిల్లాకు సముద్రము లేదు. అయినను తీరమందలి జాలరి వద్ద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులు నేర్వదగిన అలవాటు ఒకటి కలదు. వేట ముగించి ఒడ్డుకు చేరిన తరువాత, తెలిసిన జాలరి తన పడవ మోటారులో మంచినీటిని పారించి లోపలి ఉప్పును కడిగివేయును. ఏలయన, ఆ మోటారు తన వేడి చల్లారుటకు సముద్రపు నీటినే లోనికి పీల్చుకొనును. కడుగకున్న ఉప్పు నిలిచి నీటిదారులు పూడును, లోహము తుప్పుపట్టును.

మన బోరు మోటారు స్థితియు ఇట్టిదే. దానిని చల్లబరచునది చుట్టును పారు బోరునీరే. ఆయిల్ ఇంజను గలచోట్ల పంపు తోడిన నీటినే ఇంజను చుట్టు త్రిప్పుట వాడుక. నీరు మంచిదైన చిక్కు లేదు. కాని వేంపల్లె ప్రాంతమున నేల క్రింద సున్నపుజాతి రాతిపొరలున్నవి. అట్టి పొరలగుండా వచ్చు నీటిలో సున్నము, మెగ్నీషియము కరగి నీరు కఠినమగును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగళ్లలో చౌడు తగిలిన చోట బోరునీరు ఉప్పగానుండుట మీకు తెలిసినదే.

కఠినజలమునకు గుర్తులు మీ ఇంటనే కలవు. పప్పు త్వరగా ఉడకదు. సబ్బు నురగ రాదు. నీళ్లు కాచు కాగు అడుగున తెల్లని పొర కట్టును. కాగునకు పట్టు ఆ పొరయే బోరులో వేడెక్కిన మోటారు ఒంటికిని పట్టును. అది కంబళి కప్పినట్లు వేడిని బయటికి పోనీయదు. తుదకు వైండింగు కాలిపోవును. ఓల్టేజీ తగ్గుటచే మోటార్లు కాలుట నిజమే. కాని కాలిన ప్రతి మోటారుకు కరెంటునే నిందించుట సరికాదని మా అభిప్రాయము. పైకి తీసిన మోటారుపై తెల్లని పెచ్చు కనబడినచో, కారణమును నీటిలో గూడ వెదకవలెను.

“పరీక్ష చేయించిన లాభమేమి? ఉన్న నీరు ఇదే గదా!” అని కొందరందురు. నీటిని మార్చలేము, కాని ఆ నీటికి తగిన సామాను ఎన్నుకొనవచ్చును. 1824లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఓడల అడుగునున్న రాగిరేకులకు జింకు, ఇనుప ముక్కలను తగిలించి, రాగికి బదులు ఆ ముక్కలే కరగిపోవునని చూపెను. నేటికిని పడవ మోటార్లకు జింకు ముక్కలు బిగించుట ఇందుకే. ఇందలి నీతి మనకును పనికివచ్చును: ఉప్పునీటిలో రెండు లోహములు జతపడినచో బలహీనమైనది ముందు తినిపోవును. కంచు లేక స్టెయిన్‌లెస్ స్టీలు పంపునకు ఇనుప పైపు బిగించినచో అతుకు వద్ద పైపు త్వరగా చెడును. అట్టిచోట, లోతునకు, బరువునకు తగిన ప్లాస్టిక్ పైపు మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు గూడ అన్ని నీళ్లకు ఓర్చునని నమ్మరాదు. ఉప్పు హెచ్చైనచో దానికిని గుంటలు పడును. కనుక పరీక్షాఫలితమును చూపియే పంపు అడుగుడు.

మరికొన్ని జాగ్రత్తలు చెప్పెదము. నీటితో నింపు రకపు మోటారును దింపునపుడు బోరు ఉప్పునీటిని గాక శుభ్రమైన మంచినీటినే నింపవలెను. ఆయిల్ ఇంజనుకు వేరుగా తొట్టి అమర్చి, అందు మంచినీటినే మరల మరల త్రిప్పుట మేలు. మరమ్మతునకు మోటారును పైకి తీసినప్పుడెల్ల తెల్లపొరను మెత్తగా గీకి కడుగుడు. మోటారు దింపిన తేదీ, కాలిన తేదీ, అయిన ఖర్చు ఒక పుస్తకమున వ్రాయుడు. రెండు మూడేండ్లలో ఆ లెక్కయే మీకు బుద్ధి చెప్పును.

పరీక్షకు నీరు పట్టుట కష్టము కాదు. మోటారును పది పదిహేను నిమిషములు నడిపి, శుభ్రమైన సీసాను అదే నీటితో రెండు మూడు మారులు తొలిచి నింపి, పేరు, సర్వే నంబరు, బోరు లోతు వ్రాసి అంటింపవలెను. పరీక్ష ఎక్కడ చేయుదురో మీ వ్యవసాయాధికారిని గాని, కడప చెంత ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని అడుగవచ్చును. చీనీ ఉప్పునకు ఓర్వని చెట్టు గనుక, ఈ పరీక్ష మోటారుకే గాక తోటకును అక్కరకు వచ్చును.

నడివేసవిలో మోటారు కాలి నీరు ఆగినచో, పులివెందుల చీనీ తోటలో ఏండ్ల తరబడి పెంచిన చెట్లు వాడును. వైండింగు ఖర్చునకు చేసిన అప్పు వేరు. బోరు వేయుటకు ముందు నలుగురిని పిలిచి పాయింటు చూపించుకొను రైతు, బోరు పడిన పిదప ఒక సీసా నీటిని పరీక్షకు పంపుటకు వెనుదీయరాదు.