సంఘాల మొదటి డిమాండు ప్రాథమిక బడి కావాలి

సంఘం కట్టి కొట్లాడటం నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర అడుగుతూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిని రైతులు నింపేశారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న పండించేవారే. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమయ్యేదాకా ఆ డిమాండు చల్లారలేదు. పసుపు ధర మీద కూలీ బతుకూ, హమాలీ బతుకూ, దుకాణదారు గిరాకీ ఆధారపడి ఉన్నాయి కాబట్టే ఊళ్లకు ఊళ్లు వెంట నడిచాయి.

ఉపాధ్యాయ సంఘాలకూ ఇక్కడ బలం తక్కువేమీ లేదు. పీఆర్‌టీయూ, యూటీఎఫ్, ఎస్‌టీయూ, తపస్ వంటివి దశాబ్దాలుగా వేళ్లూనుకున్నాయి. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చి, సీనియారిటీ లెక్కన టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఎందరో భార్యాభర్తలు చెరో జిల్లా పాలయ్యారు. సంఘాలు రోడ్డెక్కకపోతే వారి గోడు సచివాలయం దాకా చేరేది కాదు. ఏళ్ల తరబడి నిలిచిన పదోన్నతులు 2024లో కదలడం వెనకా సంఘాల పట్టుదల ఉంది. ఈ పోరాటాలను స్వార్థమని కొట్టిపారేయడం అన్యాయం.

మరి ప్రాథమిక బడి సంగతి?

2024 నవంబరులో ఇంటింటి కుల సర్వేకు ప్రభుత్వం 36 వేలకు పైగా సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను) వాడుకుంది. అందుకోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిగంటకే ముగించింది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనికి తప్ప టీచర్లను బోధనేతర పనులకు పంపకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు. అంటే ఐదు తరగతులు ఇద్దరి నెత్తిన. తల్లిదండ్రులు ప్రైవేటు బడి బస్సు వైపు చూస్తున్నారంటే ఇదీ ఒక కారణం.

తరగతికో టీచరు కావాలన్న మాట సంఘాల తీర్మానాల్లో ఉంది. కానీ ధర్నాచౌక్‌కు వేలమందిని కదిలించేది మాత్రం బదిలీలు, పీఆర్సీ, డీఏ బకాయిలే. ఓటు లెక్క కూడా ఇందుకు తోడైంది. రాజ్యాంగంలోని 171వ అధికరణ ప్రకారం టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు సెకండరీ స్థాయికి తగ్గని సంస్థల్లో పనిచేసేవారిదే. ప్రైవేటు హైస్కూలు టీచరుకు ఓటుంది, సర్కారు ప్రాథమిక బడిలో అక్షరాలు దిద్దించే ఎస్జీటీకి లేదు. ఆర్మూర్ కూడా ఉన్న మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ ఉపాధ్యాయ స్థానంలో 2019లో పీఆర్‌టీయూ నాయకుడు కూర రఘోత్తంరెడ్డి గెలిచారు. 2025లో ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి, బీజేపీ అభ్యర్థి మల్క కొమరయ్య గెలిచారు. సర్కారు బడి పక్షాన నిలిచామనే ప్రతి సంఘమూ ఈ ఫలితాన్ని తరచి చూసుకోవాలి.

జీతాల పక్కన బడి డిమాండును నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. 2019 అక్టోబరులో అమెరికాలోని షికాగో టీచర్లు సమ్మె చేసినప్పుడు జీతాలతోపాటు ప్రతి బడికీ ఒక నర్సు కావాలని పట్టుబట్టి ఒప్పందంలో రాయించుకున్నారు. టీచర్లు ఊరితో కలిసి నడవడం తెలంగాణకూ కొత్త కాదు. 2011 సకల జనుల సమ్మెలో టీచర్లూ తల్లిదండ్రులూ ఒకే జెండా కింద నడిచారు.

పసుపు పోరాటంలో లాగా ఊరు వెంట నడవాలంటే, ఆర్మూర్ ఉపాధ్యాయ సంఘాల నాయకులు ఈసారి డిమాండ్ల పత్రం రాసేటప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని తల్లులను పక్కన కూర్చోబెట్టుకోవాలి. తరగతికో టీచరు, బడి వేళల్లో బోధనేతర పనులు బంద్ అన్న రెండింటినీ పత్రంలో అన్నిటికంటే పైన రాయాలి. ఆ పత్రం కింద తల్లుల సంతకాలూ ఉండాలి.