యూరిక్ యాసిడ్ చూశారు, బీపీ చూశారా?

ఫుల్ బాడీ చెకప్ పేరుతో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. సాయంత్రానికల్లా ఫోన్లో పేజీలకు పేజీలు రిపోర్టు దిగుతుంది. ఇంటిల్లిపాది చూపూ ఎర్రగా అచ్చయిన అంకె మీదే పడుతుంది. నలభై దాటిన మగవాళ్లలో చాలాసార్లు ఆ అంకె యూరిక్ యాసిడ్‌ది. 7.4 అనో, 8.2 అనో ఉంటుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో కందిపప్పు బంద్, పాలకూర బంద్, టమాటా బంద్. రక్తం తీసుకెళ్లిన కుర్రాడి సంచిలో మాత్రం సాధారణంగా బీపీ మిషన్ ఉండదు. డెబ్బై ఎనభై పరీక్షలు చేసిన ప్యాకేజీలో, పక్షవాతాన్నీ గుండెపోటునూ ముందుగా పసిగట్టడానికి అన్నిటికంటే పనికొచ్చే కొలత లేదు. పెద్దవాళ్లలో మూడో వంతు మందికి పైగా బీపీ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చిన దేశంలో ఇలా జరుగుతోంది. నా బాధంతా దీని గురించే.

యూరిక్ యాసిడ్‌కీ బీపీకీ సంబంధం లేదని నేను అనడం లేదు. ఉందన్న మాట చేతికి చుట్టే బీపీ పట్టీ కంటే పాతది. ఆ పట్టీని ఇటలీ వైద్యుడు రివా-రోచి ప్రకటించింది 1896లో. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే, లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ అనే వైద్య విద్యార్థి, మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే తీరును కాగితం మీద గీతగా గీసే పరికరాన్ని మెరుగుపరిచారు. ఆయన తాత షేక్ దీన్ మహమ్మద్ పాట్నాలో పుట్టి, ఇంగ్లండ్ చేరి, 1810లో లండన్‌లో భారతీయ వంటకాల హోటల్ తెరిచినవారు. మూత్రపిండాలు చెడిపోయాకే రక్తపోటు పెరుగుతుందని ఆ రోజుల్లో వైద్యులు నమ్మేవారు. మహమ్మద్ గీతల్లో వేరే సంగతి బయటపడింది. మూత్రపిండాలు చెడ్డాయనడానికి గుర్తయిన ఆల్బుమిన్ మూత్రంలో కనబడకముందే, పైకి బాగానే తిరుగుతున్నవాళ్లలో పోటు పెరిగి ఉంది. వాళ్లలో చాలామంది, యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్ ఉన్న కుటుంబాలవాళ్లని గమనించి, దీని వెనక యూరిక్ యాసిడ్ ఉండొచ్చని 1879లో ఆయన సూచించారు. 1884లో టైఫాయిడ్ సోకి 35 ఏళ్లకే కన్నుమూశారు. బీపీ చరిత్రలో ఆయనకు దక్కాల్సిన చోటు దక్కలేదన్నది నా అభిప్రాయం.

ఆ ఊహ చాలా కాలం మూలన పడింది. అందుకు కారణమూ ఉంది. బీపీ ఉన్నవాళ్ల మూత్రపిండాల్లో రక్తం పారడం తగ్గి, యూరిక్ యాసిడ్ బయటికి పోవడం మందగిస్తుంది. పొట్ట పెరిగినవాళ్లలో ఎక్కువైన ఇన్సులిన్ అదే పని చేస్తుంది. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలూ దాన్ని పెంచుతాయి. చెట్టు ముందా విత్తు ముందా అన్నది తేలలేదు. తర్వాత వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు వచ్చాయి. అలాంటివి 18 తీసుకుని, 55 వేలకు పైగా మనుషుల వివరాలను 2011లో ఒకచోట చేర్చి చూస్తే, యూరిక్ యాసిడ్ ఒక్క మిల్లీగ్రాము ఎక్కువున్నా ముందుముందు బీపీ వచ్చే ప్రమాదం సుమారు 13 శాతం ఎక్కువని తేలింది. సంబంధం నిజమే. కానీ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం.

కారణమేనేమో అన్న ఆశ ఎలుకల నుంచి వచ్చింది. ఎలుకల ఒంట్లో యూరిక్ యాసిడ్‌ను విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది. మనిషికీ చింపాంజీకీ గొరిల్లాకూ అది లేదు. సుమారు కోటిన్నర ఏళ్ల కిందట మన పూర్వీకుల్లోనే ఆ జన్యువు పనిచేయడం మానేసింది. అందుకే మన రక్తంలో యూరిక్ యాసిడ్ చాలా జంతువుల కంటే ఎక్కువ. అమెరికాలో రిచర్డ్ జాన్సన్ బృందం ఎలుకల్లో ఆ ఎంజైమును మందుతో అడ్డుకుని, ఫలితాలను 2001లో ప్రచురించింది. యూరిక్ యాసిడ్ కాస్త పెరిగితే చాలు, కొన్ని వారాల్లో బీపీ పెరిగింది. దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చిన ఎలుకల్లో పెరగలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ తర్వాత తేలిన సంగతి. మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాల గోడలు ఒకసారి మందమయ్యాక, యూరిక్ యాసిడ్ మామూలు స్థాయికి వచ్చినా లాభం లేకపోయింది. ఉప్పు పెట్టినప్పుడల్లా బీపీ లేచింది. మొదలుపెట్టింది యూరిక్ యాసిడే అయినా, తర్వాత దాన్ని నిలబెట్టింది ఉప్పు.

మనుషుల్లో ఇది నిజమైతే, మొదటి దశలోనే కనబడాలి. హ్యూస్టన్‌లో డేనియల్ ఫైగ్ బృందం అదే చూసింది. కొత్తగా బీపీ బయటపడిన 30 మంది టీనేజీ పిల్లలకు నాలుగు వారాలు అల్లోప్యూరినాల్, నాలుగు వారాలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందు వేసుకున్నప్పుడు 20 మందికి బీపీ మామూలుకొచ్చింది. ఉత్తుత్తి మాత్రతో వచ్చింది ఒక్కరికే. 2008లో ఈ ఫలితం అచ్చయినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. ఇది ఇంకా చికిత్సగా వాడదగ్గది కాదని ఆ పరిశోధకులే హెచ్చరించారు.

వాళ్ల జాగ్రత్త సరైనదే. 18 నుంచి 40 ఏళ్లలోపువాళ్ల మీద ఇలాంటి పరీక్షే చేస్తే, 2021లో వెలువడిన ఫలితాల్లో బీపీ తగ్గలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అల్లోప్యూరినాల్ ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షలూ 2020లో నిరాశే మిగిల్చాయి. గుండె రక్తనాళాల జబ్బు ఉన్న అరవై దాటినవాళ్లను, 5,700 మందికి పైగా, బ్రిటన్‌లో ఏళ్ల తరబడి గమనించి 2022లో చెప్పిందీ అదే: గౌట్ లేనివాళ్లకు ఆ మాత్ర గుండెపోటునూ పక్షవాతాన్నీ ఆపలేదు. పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ ఎక్కువుండే జన్యువులున్నవాళ్లను చూస్తే గౌట్ స్పష్టంగా ఎక్కువ. బీపీ విషయంలో అంత స్పష్టత లేదు.

కాబట్టి నా మాట ఇది. ఎర్ర అంకె కనబడితే చేయాల్సిన మొదటి పని పప్పు మానేయడం కాదు, బీపీ చూపించుకోవడం. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు చూడాలి. గౌట్ నొప్పి గానీ మూత్రపిండాల్లో రాళ్లు గానీ లేకుండా, అంకె కోసమే అల్లోప్యూరినాలో, అదే పని చేసే ఫెబుక్సోస్టాటో వేసుకోవడం మంచిది కాదు. మొదటిది అరుదుగానైనా ఒళ్లంతా తోలు ఊడిపోయేంత ప్రమాదం తెస్తుంది. రెండోదాని విషయంలో గుండె మరణాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరిక పెట్టింది. తర్వాత యూరప్‌లో చేసిన పరీక్షలో ఆ భయం కొంత తగ్గినా, అవసరం లేని మాత్ర అవసరం లేనిదే.

పప్పు సంగతీ చెప్పాలి, అది మన ఇళ్లలో ప్రొటీన్‌కు ఆధారం కనుక. అమెరికాలో 47 వేలకు పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువొచ్చింది. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు ఎక్కువుండే కూరగాయల వల్ల, పప్పు బఠానీల వల్ల పెరగలేదు. పాలు, పెరుగు తిన్నవాళ్లలో తగ్గింది కూడా. తగ్గించాల్సినవి కార్జం, బోటి, బీరు, చక్కెర పోసిన కూల్ డ్రింకులు. చక్కెరలోని ఫ్రక్టోజ్‌ను కాలేయం ఖర్చుపెట్టే తీరులోనే యూరిక్ యాసిడ్ తయారవుతుంది. మన ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండొంతులు తిండి నుంచి కాదు, మన కణాల నుంచే వస్తుంది. పప్పు మానేసి, అన్నంలో ఆవకాయ, పక్కన వేయించిన అప్పడం, వారానికి రెండుసార్లు ఎండు చేపలు తింటే బీపీ దిగదు, ఎక్కుతుంది. ఉప్పు రోజుకు అయిదు గ్రాముల లోపు ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

దీనికంటే పెద్ద అనర్థం నొప్పి బిళ్లలతో జరుగుతోంది. యాభై అయిదేళ్ల ఆవిడకు మోకాళ్లు నొప్పి. రిపోర్టులో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ. అదే కారణమని తేల్చేసి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయిస్తారు, తర్వాత నెలల తరబడి బిళ్లలు. ఆ వయసులో మోకాళ్ల నొప్పి చాలావరకు అరుగుదల వల్ల. గౌట్ అయితే తరచూ కాలి బొటనవేలు కీలుతో మొదలై, రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి పెడుతుంది. నొప్పి బిళ్ల బీపీని పెంచుతుంది, బీపీ మాత్ర పనిని తగ్గిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రపిండం మందగిస్తే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది. మళ్లీ పరీక్ష, మళ్లీ ఎర్ర అంకె, మళ్లీ బిళ్ల. మూత్రపిండాల జబ్బు ఇంటింటికీ తెలిసిన ఉద్దానం లాంటి చోట ఈ బిళ్లలు దుకాణంలో అడగ్గానే దొరకడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఇంకొందరు, బీపీ మాత్ర వల్లే యూరిక్ యాసిడ్ పెరిగిందని తెలిసి, ఆ మాత్రే ఆపేస్తున్నారు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ దాన్ని పెంచే మాట నిజమే. లోసార్టాన్ అనే బీపీ మాత్ర దాన్ని కొద్దిగా తగ్గిస్తుంది కూడా. మార్చాలా వద్దా అని డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు ఆపితే పక్షవాతం పిలవకుండా వస్తుంది.

చివరగా పిల్లల గురించి. యూరిక్ యాసిడ్ తగ్గించగానే బీపీ గట్టిగా దిగింది ఆ 30 మంది టీనేజీ పిల్లల్లోనే. మన ఇళ్లలో బరువు పెరిగిన పద్నాలుగేళ్ల పిల్లవాడికి బీపీ చూడాలని ఎవరికీ తోచదు. మూడేళ్ల వయసు నుంచి ఏడాదికోసారి చూడాలని అమెరికా పిల్లల వైద్యుల మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. బడికి వచ్చే ఆరోగ్య బృందాలు ఎత్తు, బరువు, పళ్లు, కళ్లు చూసినట్టే బీపీ కూడా తప్పనిసరిగా చూడాలి. వాళ్ల పెట్టెలో పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీ ఉండాలి. పెద్దవాళ్ల పట్టీ చుడితే కొలత అసలు కంటే తక్కువ చూపుతుంది. పెరిగినట్టు తేలితే మాత్రల కంటే ముందు మానిపించాల్సింది బడి గేటు బయట అమ్మే కూల్ డ్రింకునీ చిప్స్ ప్యాకెట్టునీ.