పెద్దవాళ్ళను షికారుకు తీసుకువెళ్తున్నారా?

ప్రశ్న: మేము పదిహేను మందిమి డిగ్రీ విద్యార్థులం. ఎన్.ఎస్.ఎస్.లో ఉన్నాం. ఒక వృద్ధాశ్రమంలోని పన్నెండు మంది పెద్దవాళ్ళను ఒక రోజు బయటికి తీసుకువెళ్ళి, అన్నం పెట్టి, సాయంత్రానికి తిరిగి చేర్చాలని అనుకుంటున్నాం. ఆశ్రమంవారు ఒప్పుకున్నారు గాని, దారిలో ఎవరికైనా ఏమైనా అయితే ఎలాగని భయపడుతున్నారు. మాకూ భయంగానే ఉంది. వాళ్ళలో బి.పి., షుగరు ఉన్నవాళ్ళు, నడుము వంగనివాళ్ళు ఉన్నారు. అసలు తీసుకువెళ్ళవచ్చునా? ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక విద్యార్థి, నకిరేకల్

జవాబు: తప్పకుండా తీసుకువెళ్ళవచ్చు. భయం ఉండటం మంచిదే. భయం ఉన్నవాడే జాగ్రత్త పడతాడు. కాని ఆ భయంతో ప్రయాణమే మానుకోకండి.

రోజూ అదే మంచం, అదే వరండా అయితే మనిషి త్వరగా కుంగిపోతాడు. వాడకపోతే కాళ్ళ కండరాలు సన్నబడతాయి. కండ తగ్గితే నడక తగ్గుతుంది. నడక తగ్గినవాళ్ళే ఎక్కువగా కిందపడతారు. ఒంటరితనం వల్ల గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు ఇప్పుడు గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ విషయం మీదనే ఒక కమిషన్ వేసింది. ఒక్కరోజు షికారుతో ఈ జబ్బులు నయం కావు. కాని "నేను ఇంకా నలుగురిలోకి వెళ్ళగలను" అన్న ధైర్యం వస్తుంది. మర్నాడు మంచం దిగి నాలుగు అడుగులు వేయడానికి ఆ ధైర్యమే కావాలి.

ముందు చూడవలసింది మరుగుదొడ్డి

ఎక్కడికి వెళ్ళాలి, ఏం చూడాలి అని కుర్రవాళ్ళు ముందుగా ఆలోచిస్తారు. పెద్దవాళ్ళ మనసులో ఉండే మొదటి ప్రశ్న వేరు. "దారిలో ఒంటికి వస్తే ఎలా?" అన్నదే వాళ్ళ బెంగ. ముఖ్యంగా ఆడవాళ్ళు ఈ మాట పైకి చెప్పరు. చెప్పకుండా, బయలుదేరే రోజు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు.

చాలా ప్రయాణాలు చెడేది ఇక్కడే. వయసు పైబడినకొద్దీ దాహం సరిగ్గా తెలియదు. దానికి తోడు కావాలని నీళ్ళు మానేస్తే మధ్యాహ్నానికి నోరు ఎండిపోతుంది, తల తిరుగుతుంది, బి.పి. పడిపోతుంది. లేచి నిలబడగానే తూలిపడతారు. తుంటి ఎముక విరిగితే ఆ తరువాత నెలల తరబడి మంచమే. షికారులో కిందపడ్డారని మనం అనుకుంటాం. అసలు కారణం పొద్దున్న తాగని గ్లాసెడు నీళ్ళు.

అందుచేత మీలో ఇద్దరు వారం రోజుల ముందే వెళ్ళి దారంతా చూసి రావాలి. గంటకొక చోట శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. లోపల నీళ్ళు ఉన్నాయా, తలుపు గడియ పడుతుందా, నేల జారుతుందా చూడండి. మోకాళ్ళు వంగనివాళ్ళు కింద కూర్చునే దొడ్డిని వాడలేరు. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెంట తీసుకువెళ్ళండి. బయలుదేరే ముందురోజే ఆడపిల్లలు అవ్వల దగ్గర కూర్చుని, "దారిలో మూడుచోట్ల ఆగుతాం, అన్నిచోట్లా ఏర్పాటు ఉంది" అని చెప్పాలి. ఆ మాట చెవిన పడితేనే వాళ్ళు నీళ్ళు తాగుతారు.

ఎక్కడికి, ఎప్పుడు?

మే నెలలో నల్లగొండ జిల్లా ఎండలు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మార్చి నుంచి జూన్ దాకా ఈ ఆలోచనే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అప్పుడైనా మంచు విడిచాక, ఎనిమిది తరువాతే బయలుదేరండి. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద పొగమంచులో ప్రయాణం ఎవరికీ మంచిది కాదు.

దూరాలు పెట్టుకోకండి. మీకు దగ్గరలోనే 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి గుళ్ళున్నాయి. ఒక రోజుకు ఒక్క చోటే చాలు. కాని ముందు వాళ్ళనే అడగండి. గుడి అనే అందరూ అంటారని అనుకోకండి. ఒకరు తాము నాట్లు వేసిన పొలం గట్టు చూడాలని అనవచ్చు. ఒకరికి అంగడిలో తిరిగి గాజులు కొనుక్కోవాలని ఉండవచ్చు.

పాత గుళ్ళలో గడపలు ఎత్తుగా ఉంటాయి, లోపల చీకటి. చేతిలో టార్చిలైటు ఉంచుకోండి. షుగరు ఉన్నవాళ్ళ విషయంలో ఇంకొక హెచ్చరిక. చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. మధ్యాహ్నం వేళ కాలిన బండల మీద చెప్పులు లేకుండా నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కినా వాళ్ళకు తెలియదు. ఆ బొబ్బే పుండై చివరికి వేలు తీసేసే దాకా వస్తుంది. దర్శనం పదిగంటలలోపే కానివ్వండి. మందమైన మేజోళ్ళు తొడగండి. సాయంత్రం ఒక్కొక్కరి అరికాళ్ళు చూడండి.

వంగని నడుములు

మీరు రాసిన "నడుము వంగనివాళ్ళు" మీ జిల్లాలో ఎక్కువే. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బావినీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు వెన్నుపూసలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఈ నీళ్ళను శుద్ధిచేయడానికి నాగపూర్‌లోని 'నీరి' సంస్థ పటిక, సున్నం వాడి రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. ఆ తరువాత కృష్ణానీళ్ళు వచ్చాయి. కాని పాతకాలంలో బిగిసిన ఎముకలు కొత్తనీళ్ళతో సడలవు.

వీళ్ళు మెడ తిప్పలేరు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. వెనకనుంచి పిలిచి ఉలికిపాటు కలిగించకండి, ఎదురుగా వచ్చి మాట్లాడండి. ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా వీళ్ళ ఎముకలు పెళుసుగా ఉంటాయి. చేతులు పట్టుకుని పైకి లాగడం, చంకల కింద చేతులు వేసి ఎత్తడం ప్రమాదం. బండి మెట్టు ఎత్తుగా ఉంటే కదలని గట్టి పీట ఒకటి వేయండి. ముందు సీటు అంచున వీపు ఆన్చి కూర్చోబెట్టి, ఆ తరువాత రెండు కాళ్ళూ కలిపి నెమ్మదిగా లోపలికి తిప్పండి. వెనక చక్రాల మీది సీటు వీళ్ళకు వద్దు. స్పీడ్ బ్రేకరు దగ్గర ఒక్క కుదుపుకే వెన్నుపూస విరగవచ్చు.

మందులు, భోజనం

బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందు ఒక డాక్టరు అందరినీ చూడాలి. జ్వరం, విరేచనాలు, కొత్తగా ఆయాసం, ఈమధ్యనే గుండెనొప్పి వచ్చినవాళ్ళు ఈసారికి ఆగాలి. చక్రాల కుర్చీలో ఉన్నారన్న కారణంతో మాత్రం ఎవరినీ వదిలిపెట్టకండి.

ప్రతి ఒక్కరికి ఒక చీటీ రాయండి. పేరు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఆశ్రమం ఫోను నంబరు అందులో ఉండాలి. మతిమరుపు ఉన్నవాళ్ళకు ఆ చీటీ జేబులోనో కొంగుకో పిన్నుతో పెట్టండి. మూత్రం ఎక్కువగా వచ్చే బి.పి. బిళ్ళ వేసుకునేవాళ్ళు ఆ రోజుకు దానిని సొంతంగా మానకూడదు. వేళ మార్చవచ్చునేమో డాక్టరును అడగండి. వాంతులు కాకుండా దుకాణంలో కొన్న బిళ్ళలు ఇవ్వకండి. ఈ వయసులో వాటివల్ల అయోమయం, మూత్రం బిగుసుకోవడం వస్తాయి.

షుగరు బిళ్ళలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు భోజనం వేళ తప్పకూడదు. "ఇంకో గుడి చూసి తిందాం" అనకండి. షుగరు పడిపోతే చెమటలు, వణుకు వస్తాయి. కొందరు పెద్దవాళ్ళలో ఇవేవీ ఉండవు. మాట తడబడుతుంది, మత్తుగా ఉంటారు, ఊరికే కోపగించుకుంటారు. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పోయకండి.

భోజనం మెత్తగా, ఆ పొద్దున వండినదై ఉండాలి. పప్పన్నం, పెరుగన్నం చాలు. కదిలే బండిలో పల్లీలు, మరమరాలు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. మీ ఊరు నిమ్మకాయలకు పేరుపడినదే కనుక నిమ్మరసం కలిపిన పలుచని మజ్జిగ పట్టుకువెళ్ళండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు అన్నది డాక్టరు చెప్పినట్టే.

ఎప్పుడు 108కి ఫోను చేయాలి?

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం. నాలుగున్నర గంటలలోపు తగిన ఆస్పత్రికి చేరితే గడ్డను కరిగించే మందు పనిచేసే అవకాశం ఉంది. షుగరు ఉన్నవాళ్ళకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా, ఉత్త చెమటలు, ఆయాసంతో కూడా రావచ్చు. పడినవాళ్ళ కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపిస్తే లేపకండి, నడిపించకండి. ఒళ్ళు కాలిపోతూ అయోమయంగా ఉంటే వడదెబ్బ. నీడకు చేర్చి తడిగుడ్డ చుట్టి విసురుతూ ఉండండి. ఈ నాలుగింటికీ ఆలస్యం చేయకుండా 108.

మనసు సంగతి

ఒక్కొక్క పెద్దవారికి ఒక్కొక్క కుర్రవాడు లేక అమ్మాయి రోజంతా తోడుండాలి. మీరు పదిహేను మంది, వాళ్ళు పన్నెండు. మిగిలిన ముగ్గురు నీళ్ళు, మందులు, లెక్క చూసుకోవచ్చు. లేచి నిలబడేముందు ఒక నిమిషం కాళ్ళు వేలాడేసి కూర్చోమనండి. తొందరపెట్టకండి. వాళ్ళను అడగకుండా ఫోటోలు తీయకండి. దానం పుచ్చుకుంటున్నట్టు నిలబెట్టి తీసిన ఫోటో ఎవరికీ ఇష్టముండదు.

బయటికి వచ్చినప్పుడు కొందరు ఆశ్రమంలో చెప్పని మాటలు చెబుతారు. కొట్టారనో, ఆస్తి రాయించుకున్నారనో చెబితే తేలికగా తీసుకోకండి. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. 2007 నాటి చట్టం ప్రకారం పిల్లలనుంచి పోషణ కోరే హక్కు వాళ్ళకుంది.

చీకటి పడకముందే తిరిగి చేర్చండి. మతిమరుపు ఉన్నవాళ్ళకు సాయంత్రం వేళ అయోమయం ఎక్కువవుతుంది. రాలేకపోయినవాళ్ళకు ప్రసాదమో, నాలుగు పూలో తీసుకువచ్చి, వాళ్ళ దగ్గర కూర్చుని ఆ రోజు విశేషాలు చెప్పండి.

చివరగా ఒక మాట. వచ్చేటప్పుడు "మళ్ళీ వస్తాం" అని అలవాటుగా అనేయకండి. మీకు పరీక్షలుంటాయి, ఉద్యోగాలుంటాయి, మరిచిపోతారు. వాళ్ళకు మరిచిపోయేందుకు వేరే పని లేదు, గేటు వైపు చూస్తూ ఉంటారు. వచ్చే వీలుంటే తేదీ చెప్పి రండి. ఆ రోజు బస్సు లేకపోయినా ఫరవాలేదు. మీలో ఇద్దరు వెళ్ళి వాళ్ళను వీధి చివరిదాకా నడిపించి తీసుకువచ్చినా చాలు.