ఐదు తరగతులకు ఒక్క టీచరా?

ఏదైనా ఏకోపాధ్యాయ ప్రాథమిక పాఠశాలకు ఉదయం తొమ్మిది గంటలకు వెళ్లి ఓ మూల కూర్చోండి. ఒకే గదిలో ఐదు తరగతుల పిల్లలు ఉంటారు. టీచరు నల్లబల్ల మీద సుద్దముక్కతో నిలువునా రెండు గీతలు గీస్తారు. ఒక భాగంలో ఒకటో తరగతికి అక్షరాలు, మధ్యలో మూడో తరగతికి తీసివేతలు, చివరి భాగంలో ఐదో తరగతికి భిన్నాలు. చిన్నవాళ్ల చేత పలక మీద దిద్దించి పెద్దవాళ్ల వైపు తిరిగేసరికి ఒకటో తరగతి పిల్లవాడు పలక చెరిపేసి కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. భిన్నాల్లో సందేహం వచ్చి ఐదో తరగతి అమ్మాయి చెయ్యెత్తుతుంది. టీచరు అప్పటికే రెండో తరగతి గుణింతాల దగ్గర ఉంటారు. కాసేపు చూసి ఆ అమ్మాయి చెయ్యి దించేస్తుంది. ఇంతలో ఫోన్ మోగుతుంది. హాజరు యాప్‌లో ఎక్కించాలి, ఫొటోలు పంపాలి, ఇవాళ భోజనానికి ఎంతమందో, గుడ్లు ఎన్ని మిగిలాయో నమోదు చేయాలి. మండల కేంద్రంలో సమావేశం ఉన్న రోజున పక్క ఊరి టీచరును సర్దుబాటు చేయాలి. అంటే ఆ రోజుకు ఆ ఊరి బడికి గండి పడినట్టే.

ఇలాంటి బడులు ఒకటీ అరా కాదు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో లక్షా నాలుగు వేలకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో దాదాపు 33 లక్షల 76 వేల మంది పిల్లలు చదువుతున్నారు. ఈ జాబితాలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇక్కడ పన్నెండు వేలకు పైగా బడులు ఒక్క టీచరు మీదే నడుస్తున్నాయి. తెలంగాణది ఇంకో రకం కథ. ఒక్క విద్యార్థి కూడా లేని బడుల సంఖ్యలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం ఆ రాష్ట్రానిదే. అలాంటివి అక్కడ రెండు వేలకు పైగా ఉన్నాయి. రెండు రాష్ట్రాల సమస్యలూ వేరు వేరుగా కనిపిస్తాయి గానీ నిజానికి ఇవి ఒకే దారిలోని రెండు మైలురాళ్లు. టీచరు కరవైన బడి, కొన్నేళ్లు తిరిగేసరికి పిల్లలు కరవైన బడి అవుతుంది.

ఈ దారి మళ్లాలంటే ప్రభుత్వాలు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాల అన్నది తప్పనిసరి పరిస్థితుల్లో చేసిన ఏర్పాటు కాదు, చట్ట ఉల్లంఘన. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఈ విషయంలో ఎలాంటి అనుమానానికీ తావివ్వలేదు. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, 200 వరకు ఐదుగురు. పిల్లలు తక్కువైతే ఒక్కరు చాలన్న వెసులుబాటు ఆ పట్టికలో లేదు. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటరాదని 26వ సెక్షన్ చెబుతోంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా మరే ఇతర పనికీ టీచర్లను వాడరాదని 27వ సెక్షన్ చెబుతోంది. పిల్లవాడు బడికి రాకపోతే తల్లిదండ్రుల బాధ్యతను గుర్తుచేసే అధికార యంత్రాంగం, ఇదే చట్టం తన మీద పెట్టిన బాధ్యతను ఎందుకు మరిచిపోతోంది?

చట్టం దాకా కూడా పోనక్కర్లేదు. 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వారిలో ఒకరు మహిళ అయి ఉండాలన్నది దాని లక్ష్యం. ఆనాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లల పిల్లలు కూడా ఈపాటికి బడి ఈడు దాటిపోతున్నారు. ఆ రెండో టీచరు మాత్రం ఇంకా రాలేదు. అంతకు ముందు మాట రాజ్యాంగానిది. పదేళ్లలో 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని 45వ అధికరణం నిర్దేశించింది. ఆ గడువు 1960తో తీరిపోయింది. 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో తేల్చింది. ఆ కేసులో ప్రతివాది ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలోకే ఎక్కించింది. దేశమంతటికీ ఈ హక్కు దక్కిన వ్యాజ్యం మన గడ్డ మీద పుట్టింది. ఏకోపాధ్యాయ బడుల్లో మొదటి స్థానం కూడా మన గడ్డకే దక్కడం సిగ్గుపడాల్సిన విషయం.

ఈ బడుల్లో ఎవరి పిల్లలున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. ఉదయం ఏడున్నరకు పసుపుపచ్చ బస్సు రచ్చబండ దగ్గర ఆగి, ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. కాలనీలో, తండాలో, గూడెంలో మిగిలిన పిల్లలు ఊరి బడికి నడుస్తారు. కూలికి పోయే తల్లి కూడా అప్పో సప్పో చేసి ఆ బస్సు ఎక్కించాలనే చూస్తుంది. అక్కడ తరగతికో టీచరు ఉంటారని ఆమె నమ్మకం. ఆ టీచరుకు శిక్షణ ఉందా, ఇస్తున్న జీతమెంత అన్నది ఆమెకు రెండో ప్రశ్న. రోజంతా తన బిడ్డ ముందు ఒక మనిషి నిలబడి చెప్పాలన్నదే మొదటి కోరిక. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో నెగ్గి, శిక్షణ పొంది వచ్చిన టీచరున్న ప్రభుత్వ బడి, ఆ ఒక్క కోరిక తీర్చలేక పిల్లల్ని పోగొట్టుకుంటోంది. పిల్లలు తగ్గారని హేతుబద్ధీకరణ పేరుతో ఉన్న ఇద్దరిలో ఒకరిని తీసేస్తారు. ఒక్కరే మిగిలారని మరో పదిమంది పిల్లలు వెళ్లిపోతారు. చివరికి తాళం పడుతుంది. ఆ తర్వాత జనమే ప్రభుత్వ బడిని వద్దనుకున్నారని అధికారులు నివేదిక రాస్తారు. పొయ్యిలో కట్టెలు లాగేసి అన్నం ఉడకలేదని బియ్యాన్ని తిట్టినట్టుంది ఈ వరస.

పేదలకు చదువు విలువ తెలియదన్న వాదానికి ఈ నేల మీదే ఏనాడో జవాబు దొరికింది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని బడిబాట పట్టించినప్పుడు, అవకాశం కనిపిస్తే బిడ్డను బడికి పంపడానికి నిరుపేద తల్లిదండ్రులు కూడా వెనకాడరని రుజువైంది. ఆ కృషికే శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ప్రభుత్వం తలచుకుంటే ఏమవుతుందో కూడా మనం చూశాం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ బాటలో నేడు తెలంగాణలోనే వెయ్యికి పైగా గురుకులాలు నడుస్తున్నాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. గురుకులాలు మనకు గర్వకారణం, సందేహం లేదు. కానీ వాటి తలుపు తెరుచుకునేది ఐదో తరగతి ప్రవేశ పరీక్షతో. ఆ పరీక్షకు పిల్లవాణ్ని నాలుగేళ్లు తయారుచేయాల్సింది ఊరి బడే. ఐదు తరగతులకు ఒక్క టీచరున్న బడిలో కూర్చున్న పిల్ల, తరగతికో టీచరున్న బడిలో చదివిన పిల్లతో ఆ పరీక్షలో పోటీ పడాలి. సీటు దొరికిన ఒకరి ఫొటోను మనం పత్రికల్లో వేస్తాం. దొరకని పదిమంది మళ్లీ ఆ ఒకే గదికి వెళ్తారు. గురుకులం, మోడల్ స్కూలు, కస్తూర్బా విద్యాలయం, నవోదయ అంటూ మంచి బడికి ఎన్ని పేర్లు పెట్టినా, వాటిలో చోటు దొరకని పిల్లలే ఎక్కువ. వాళ్ల బడి మంచిదైనప్పుడే విద్యలో సమానత్వం అన్న మాటకు అర్థం.

గడచిన కొన్నేళ్లలో రెండు రాష్ట్రాలూ ఏమీ చేయలేదని మేము అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు-మన బడి కార్యక్రమాలతో చాలా బడుల రూపం మారింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించాయి. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించిన 117 జీవోను ఆంధ్రప్రదేశ్ 2025లో రద్దు చేసి, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేసింది. తరగతికో టీచరన్నది సరైన సూత్రమే. అయితే అది ఎంపిక చేసిన బడులకే పరిమితమైతే మళ్లీ పాత కథే. ఆదర్శం ఒక ఊరికి దక్కి, పక్క ఊరికి ఒక్క టీచరే మిగిలితే ఆ రెండూళ్ల పిల్లల మధ్య తేడాను ప్రభుత్వమే పెట్టినట్టవుతుంది.

పది మంది పిల్లలకు ఇద్దరు టీచర్లా, ఖజానా భరించగలదా అని ఆర్థిక శాఖ అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. దానికి మా సమాధానం ఇది. ఒకే ఊళ్లో ఊరి బడి ఒకటి, కాలనీ బడి ఒకటి, రెండూ అరకొరగా నడుస్తుంటే వాటిని కలిపి ఐదుగురు టీచర్లున్న ఒకే గట్టి బడిగా చేయవచ్చు. ఊరి పిల్లలు, కాలనీ పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఒకే బంతిలో భోంచేస్తారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కామన్ స్కూలు విధానం అన్నప్పుడు కోరుకున్నదీ ఇదే. కానీ కలపడమంటే చిన్నపిల్లల్ని రోడ్డు మీదికి తోలడం కాకూడదు. ఆ బడి కాలనీ వాళ్లకూ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలి, లేదా ప్రభుత్వమే ఉచితంగా బండి నడపాలి. వాగు దాటాల్సిన గూడెంలో, కొండ ఎక్కాల్సిన తండాలో పిల్లలు ఎనిమిది మందే ఉన్నా బడి అక్కడే ఉండాలి, ఇద్దరు టీచర్లతో ఉండాలి. ఆరేళ్ల పిల్లకు వాగు ఎంత వెడల్పో లెక్కల శాఖకు తెలియకపోవచ్చు గానీ తల్లికి తెలుసు. ఇక డబ్బు మాట. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు కేటాయించాలని కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానమూ అదే ఆరు శాతాన్ని మళ్లీ రాసుకుంది. యాభై ఏళ్లకు పైగా ఒకే అంకెను కాగితం మీద దిద్దుకుంటున్న ప్రభుత్వాలకు డబ్బు లేదని చెప్పే హక్కు లేదు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము స్పష్టంగా కోరుతున్నాం. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఒక్క టీచరుతో నడిచే బడి ఒక్కటి కూడా మిగలకూడదు. ఏ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, ఎన్ని ఖాళీలు ఉన్నాయో మండలాల వారీగా ప్రకటించి, ప్రతి గ్రామ సచివాలయం, పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. టీచరు సెలవు పెట్టినా, సమావేశానికి వెళ్లినా బడి ఆగకుండా ప్రతి మండలానికీ కొందరు రిజర్వు టీచర్లను నియమించాలి. యాప్‌ల పని, గుడ్ల లెక్క, ఫొటోల పని టీచరు చేతి నుంచి తీసి, నాలుగైదు బడులకు కలిపి ఒక గుమస్తాకు అప్పగించాలి. హేతుబద్ధీకరణలో ఏ బడి నుంచైనా రెండో టీచరును తీసేయడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఆపకుండా ప్రతి ఏటా ఖాళీలు లెక్కించి డీఎస్సీ నిర్వహించాలి. ఇవన్నీ చట్టం ఇదివరకే చెప్పిన మాటకు దారులే తప్ప కొత్త వరాలు కావు.

పిల్లల చదువు వాయిదా వేయగలిగింది కాదు. రోడ్డు ఈ ఏడు పడకపోతే వచ్చే ఏడు పడుతుంది. ఒకటో తరగతిలో పట్టుబడని అక్షరం మూడో తరగతిలో పాఠాన్ని ఆపుతుంది, ఆరో తరగతిలో బడినే మాన్పిస్తుంది. మొక్కై వంగనిది మానై వంగదని ఊరకే అనలేదు పెద్దలు. జూన్ 12న బడి గంట మోగినప్పుడు ఆ ఒక్క గదిలోకి రెండో టీచరు కూడా అడుగుపెట్టాలి. అప్పుడు భిన్నాల్లో సందేహం వచ్చి చెయ్యెత్తిన అమ్మాయి, జవాబు వినకుండా ఆ చెయ్యి దించుకోవలసిన అవసరం ఉండదు.